21 వేల మైళ్ళ సామురాయ్

బండి మీటర్ ఎంత చూపిస్తే అంతే తిరిగిందని నేనెప్పుడూ నమ్మలేదు. ఇది అమెరికా వచ్చాక అబ్బిన తెలివి కాదు, ఇంట్లో నేర్చుకున్నదే. మా నాన్న ఒక ప్రభుత్వ శాఖలో డ్రైవరుగా చేశారు. ఏ శాఖో చెప్పను, ఆయనకి ఇంకా పెన్షన్ వస్తోంది. మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కే దారంతా ఆయన తిరిగిన ప్రాంతమే. మొదట్లో మహీంద్రా జీపు ఉండేది. తర్వాత ఆఫీసుకు మారుతి జిప్సీ వచ్చింది. 1985 చివర్లోనే మారుతి ఆ బండి తెచ్చినా, మా వైపు ఆఫీసుకి చేరేసరికి ఇంకొన్నేళ్ళు పట్టింది. 970 సీసీ పెట్రోల్ ఇంజను, నాలుగు గేర్లు, పైన గుడ్డ టాపు, ముందూ వెనకా కమాన్ కట్టలు. గుంతలో పడితే నడుం సంగతి తేలిపోయేది. కానీ వానాకాలం అడవి దారుల్లో జీపు దిగబడిన చోట జిప్సీ మెల్లగా గట్టెక్కేది. దాన్ని తుడిచినంత శ్రద్ధగా మా నాన్న మా మొహాలు తుడిచిన గుర్తు లేదు.

ప్రభుత్వ బండికి ప్రాణం లాగ్ బుక్. తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ పని మీద, బయల్దేరినప్పుడు రీడింగ్, తిరిగొచ్చాక రీడింగ్, పోయించిన పెట్రోలు, చివర్లో ఆఫీసరు సంతకం. నాన్న రాసింది ఒక్కోసారి నాన్నకే అర్థమయ్యేది కాదు. అందుకని రాత్రి భోజనాలయ్యాక ఆయన చెబుతుంటే నేను రాసేవాణ్ణి. 'పెద్దదోర్నాల క్యాంపు, రాను పోను' అని రాసీ రాసీ, ఆ రోడ్డు మొహం చూడకముందే దాని కిలోమీటర్లు నాకు కంఠతా వచ్చేశాయి.

అయితే ఆ పుస్తకంలోకి ఎక్కని ప్రయాణాలు కొన్ని ఉండేవి. సారు వాళ్ళింటికి చుట్టాలొస్తే శ్రీశైలం దర్శనం. అమ్మగారు పుట్టింటికి వెళ్ళడం. ఆ సారు మరీ చెడ్డవాడేం కాదు, అలాంటి రోజుల్లో పెట్రోలు తన జేబులోంచే పోయించేవాడు. కానీ కిలోమీటర్లు మీటర్ మీద పడితే రేపు ఆడిట్‌లో సమాధానం ఎవరు చెప్పుకోవాలి? అందుకని తెల్లవారుజామున నాన్న బండి కిందకి దూరేవారు. నేను టార్చిలైటు పట్టుకునేవాణ్ణి. జిప్సీలో స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్సులోకి వెళ్ళదు, దాని వెనక విడిగా ఉండి, ఇంజను బలాన్ని ముందు వెనక చక్రాలకి పంచే ట్రాన్స్‌ఫర్ కేసులోకి వెళ్తుంది. అక్కడి నట్టు వదులు చేసి కేబుల్ బయటికి లాగేస్తే పని అయిపోయినట్టే. బండి శ్రీశైలం వెళ్ళొచ్చేది, మీటర్ లెక్క ప్రకారం మాత్రం షెడ్డు దాటేది కాదు. తిరిగొచ్చాక మళ్ళీ బిగించి, చేతులు తుడుచుకుంటూ 'మల్లన్న దర్శనానికి లెక్కలేంట్రా' అనేవారు.

ఆ జిప్సీని చివరికి ఆఫీసు ఆవరణలోనే వేలం వేశారు. ధరావత్తు కట్టిన పాత ఇనుము వ్యాపారులు ముందే మాట్లాడుకుని వచ్చారని చూడగానే తెలిసిపోతోంది. గుమాస్తా కాగితం చూసి, బండి నంబరు, మోడలు, తిరిగిన కిలోమీటర్లు గట్టిగా చదివాడు. ఆ కిలోమీటర్ల అంకె వినగానే నేను నాన్న వైపు చూశాను. ఆయన చింతచెట్టు వైపు చూస్తున్నారు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అనేసరికి బండి పోయింది. ఎంతకి పోయిందో చెబితే ఇప్పుడు ఎవరూ నమ్మరు, ఆ డబ్బుకి దాని టైర్లు కూడా రావు.

ఇంత చదువు చదివినవాడి దగ్గరికి, చాలా ఏళ్ళ తర్వాత, అరిజోనాలో పక్కింటి పెద్దావిడ వచ్చి అడిగింది. 'మా ఆయన బండి ఆన్‌లైన్ వేలంలో అమ్మిపెడతావా? పెద్దగా తిరగలేదు.'

అప్పుడు మేం టూసాన్‌లో ఉండేవాళ్ళం. ఆవిడ భర్త రిటైరైన లేత్ మెషీన్ పనివాడు. పోయి ఏడాది దాటింది. ఆయనున్నప్పుడు ఆ గ్యారేజీ తలుపు పూర్తిగా తెరిచి ఉండగా నేను చూడలేదు. ఆవిడ మీట నొక్కింది, తలుపు పైకి లేచింది, కవరు పక్కకి లాగింది. లోపల తెల్లటి జిప్సీ! అంటే, పేరు సుజుకి సామురాయ్, 1987 మోడల్. ఇక్కడిదానికి 1.3 లీటర్ ఇంజను, ఐదు గేర్లు, స్టీరింగ్ ఎడమవైపు, పొడవు కూడా మనదానికంటే తక్కువ. మిగతాదంతా అదే పుట్టుక. అదే నిటారు ముక్కు, అదే పలుచటి తలుపు, గేర్ రాడ్ పక్కన అదే చిన్న రాడ్. నేను ఆవిడతో మాట్లాడ్డం ఆపేసి ముందు చక్రం దగ్గర కూర్చుని, మధ్యలో ఉన్న హబ్ మీద, ఫోర్ వీల్‌కి ఆ చక్రాన్ని కలిపే బిళ్ళ తిప్పాను. 'ఫ్రీ' నుంచి 'లాక్'కి టక్కున పడింది. రెండో చక్రానిది కూడా పడింది. 'నీకు దీని సంగతి తెలుసన్నమాట' అంది ఆవిడ.

మీటర్‌లో 21 వేల పైచిలుకు మైళ్ళు. ఐదంకెల మీటర్. 99,999 దాటితే మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. కాబట్టి 21 వేలంటే 21 వేలూ కావచ్చు, 1,21,000 కూడా కావచ్చు. పైగా ఇంత పాత బండికి అమ్మేటప్పుడు మైళ్ళు రాసివ్వాలన్న ఫెడరల్ నిబంధన వర్తించదు. బండి ఎవరిదో చూపే టైటిల్ కాగితం మీద మైళ్ళ దగ్గర 'మినహాయింపు' అని ఉంటుంది, అంతే. ఇక నమ్మించుకునే భారమంతా అమ్మేవాడిదే.

ఈ సామురాయ్‌కి అమెరికాలో ఒక కథ ఉంది. 1985 చివర్లో చౌక ఫోర్ వీల్ బండిగా వచ్చి కుర్రకారులో వేలంవెర్రి లేపింది. 1988లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక పరీక్ష చేసి, మలుపులో బోల్తా పడే ప్రమాదం ఉందని, కొనవద్దని రాసింది. అమ్మకాలు కుప్పకూలాయి. సుజుకి 1996లో పత్రిక మీద కోర్టుకెళ్ళింది, 2004లో డబ్బు చేతులు మారకుండానే రాజీ అయింది. పత్రికలో ఆ రాత వచ్చినప్పుడు పెద్దావిడ కూతురు బండి అమ్మేయమని ఒకటే గొడవట. 'మెల్లగా తోలితే ఏదీ పడదు' అని ఆవిడ భర్త కొట్టిపారేశాడట. కొండ రోడ్ల మీద నాన్న చేతుల్లో జిప్సీ ఎక్కిన నాకు ఆ మాట సబబుగానే తోచింది. అయినా పెట్టె నిండా మనుషుల్ని ఎక్కించుకుని మలుపులో సర్రున తిప్పితే ఎత్తుగా, సన్నగా ఉన్న ఏ బండి మాత్రం ఊరుకుంటుంది?

మరి ఇన్నేళ్ళలో 21 వేలేనా? కారణం గ్యారేజీ పక్కన ఖాళీగా ఉన్న సిమెంటు దిమ్మె చెప్పింది. ఒకప్పుడు అక్కడ వాళ్ళ మోటర్‌హోమ్ ఉండేది. రిటైరైన దంపతులు అందులో కాపురం పెట్టుకుని ఊరూరూ తిరగడం ఇక్కడ మామూలే. జనవరి వచ్చిందంటే అరిజోనా ఎడారిలోని క్వార్ట్‌సైట్ అనే చిన్న ఊరు చుట్టూ అలాంటి బండ్లు వేలకొద్దీ చేరతాయి. అంత పెద్ద బండితో కూరగాయలకి వెళ్ళలేరు కదా, అందుకని వెనక ఒక చిన్న బండిని కట్టుకుని లాక్కెళ్తారు. టన్ను లోపు బరువు, నాలుగు చక్రాలూ రోడ్డు మీదే ఆనించి లాగే వీలు ఉండడంతో ఆ పనికి సామురాయ్ అంటే ప్రాణం పెట్టేవారు. అక్కడికెళ్ళాక ఇసుక దారుల్లో షికారుకీ అదే.

ఇక్కడే నాకు లోపల గంట మోగింది. ఇంజను ఆపి, ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లో పెట్టి లాగినా, వెనక చక్రాలు తమని ట్రాన్స్‌ఫర్ కేసుతో కలిపే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని తిప్పుతాయి. అది ట్రాన్స్‌ఫర్ కేసు వెనక భాగాన్ని తిప్పుతుంది. మీటర్ కేబుల్ ఉండేది అక్కడే. లాగినప్పుడు కూడా మీటర్ తిరగాలి. ఏళ్ళ తరబడి దేశమంతా లాక్కుని తిరిగితే 21 వేలే ఎలా ఉంటుంది? కేబుల్ విప్పాడా ఈయన కూడా?

ఆవిడని అడగలేదు. బండి కిందకి దూరాను. కేబుల్ నట్టు మీద ఫ్యాక్టరీ పసుపు రంగు గుర్తు చెక్కుచెదరకుండా ఉంది, స్పానర్ తగిలిన జాడ లేదు. దానికి బదులు వెనక షాఫ్ట్ ఫ్లాంజి బోల్టులు మాత్రం విప్పీ బిగించీ మూలలు అరిగి మెరుస్తున్నాయి. అప్పుడర్థమైంది. ఈయన లాగిన ప్రతిసారీ షాఫ్టే ఊడదీసేవాడు. ఇంజను ఆగి ఉన్నప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసు లోపల ఆయిలు అన్ని చోట్లకీ సరిగా చిమ్మదు, బేరింగులు పోతాయి. షాఫ్ట్ లేకపోతే లోపల ఏమీ తిరగదు, దాంతో మీటరూ తిరగదు. లేత్ పనివాడి జాగ్రత్త అది.

నేను బయటికి వచ్చి ఒళ్ళు దులుపుకుంటుంటే ఆవిడ సొరుగులోంచి ఒక నోట్‌బుక్ తెచ్చి ఇచ్చింది. పచ్చ అట్ట, మూలలు నలిగాయి. ప్రతి పేజీలో స్కేలు పెట్టి గీసిన గళ్ళు. తేదీ, మీటర్ రీడింగ్, పెట్రోలు, ధర, చేసిన పని. ఆ తర్వాత రెండు గళ్ళు, 'నడిపినవి' ఒకటి, 'లాగినవి' ఒకటి. లాగిన మైళ్ళు మోటర్‌హోమ్ మీటర్ చూసి రాసుకునేవాడట. చివరి పేజీలో నడిపినవి 21 వేల పైన, లాగినవి 38 వేల పైన. చక్రాల బేరింగులకి గ్రీజు ఎప్పుడు పెట్టాలన్నది రెండూ కలిపి లెక్కేసేవాడు. ఇంజను ఆయిల్‌కి మొదటి గడి ఒక్కటే. పెన్సిల్‌తో వేసిన కూడికలు, తప్పు వస్తే కొట్టివేత, పక్కన పొట్టి సంతకం. సొంత బండికి, ఎవరూ అడగని లెక్కకి, దిద్దిన చోట సంతకం పెట్టినవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు.

అమ్మే పని మొదలైంది. తక్కువ తిరిగిన బండి అనగానే జనం కొత్త బండి అనుకుంటారు. కదలకుండా ఉన్న బండికి వచ్చే రోగాలు వేరు. ట్యాంకులో పాత పెట్రోలు జిగురుగా మారింది. కార్బురేటర్ విప్పి కడిగించాల్సి వచ్చింది. బ్రేకు సిలిండర్లు పట్టేశాయి. టైమింగ్ బెల్టుకి వయసు చాలు, మైళ్ళతో పని లేదు, మార్చేశాం. ముందు చక్రాలు పక్కకి తిరిగే కీలు దగ్గరి రబ్బరు సీళ్ళు (నకుల్ సీళ్ళు) ఎండి గ్రీజు కారుతోంది. జిప్సీకి కూడా ఇదే జబ్బు, అది చూసి నాకు చుట్టాన్ని చూసినంత సంతోషమైంది. టూసాన్ గాలి పొడి కాబట్టి ఛాసిస్‌కి తుప్పు లేదు. ఒహాయో, మిషిగన్ వైపు మంచుకి రోడ్ల మీద ఉప్పు జల్లుతారు, అక్కడి సామురాయ్‌లు చాలావరకు కింద నుంచి తినేయబడ్డాయి. ఇక్కడ ఆ పని ఎండ చేస్తుంది, ఇనుము జోలికి పోదు గానీ రబ్బరునీ ప్లాస్టిక్‌నీ వదలదు. అయినా ఇది గ్యారేజీలోనే ఉండడంతో డాష్‌బోర్డు మీద పగులు లేదు.

ఫొటోలు నేనే తీశాను. వెనక తగిలించిన స్టెపిని టైరు అసలుదే, ఒక్కసారి కూడా నేల తగల్లేదు. దాని మీద అచ్చు నుంచి వచ్చిన సన్నటి రబ్బరు ముళ్ళు ఇంకా నిలబడే ఉన్నాయి. తయారీ తేదీ కోడ్‌కి మూడంకెలే. 2000 నుంచి నాలుగంకెలు వేస్తున్నారు కాబట్టి అది అంతకుముందుదని కొనేవాడికి చూడగానే తెలుస్తుంది. క్లచ్ పెడల్ రబ్బరు గీతలు, డ్రైవరు సీటు అంచు, టూసాన్‌లో ఏటా చేయించిన పొగ పరీక్ష కాగితాల మీద రీడింగులు, అన్నీ ఒక వరసలో పెట్టాను. చల్లటి ఇంజను స్టార్ట్ చేసే వీడియో, బండి కింద నుంచి ఫొటోలు. ముందు బంపరుకి లాగడానికి బిగించిన ఇనుప చట్రం కూడా.

ఆవిడ అల్లుడు అక్కడ అభ్యంతరం చెప్పాడు. ఆ చట్రం విప్పేసి ఫొటో తీద్దాం, లాగిన సంగతి ఎందుకు, మీటర్‌లో ఉన్నదే కదా మనం చెబుతున్నాం అని. చట్టం దృష్టిలో అతని మాట తప్పు కాకపోవచ్చు. కానీ ఇలాంటి వేలాల్లో జనం ఊరికే ఉండరు. బ్రింగ్ ఎ ట్రైలర్ లాంటి ఆన్‌లైన్ బండ్ల వేలం సైటులో బండి ఏడు రోజులు పాటలో ఉంటుంది. ఆ ఏడు రోజులూ దేశంలోని పిచ్చివాళ్ళంతా కలిసి దాన్ని బోల్టు బోల్టుగా విప్పి చూస్తారు. బంపరు మీద నాలుగు చిల్లులు చూస్తే చాలు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే మనం భుజాలు తడుముకోవాల్సి వస్తుంది. పెద్దావిడ ఇంకో మాటకి తావివ్వలేదు. 'ఆయన రాసుకున్నది రాసుకున్నట్టు పెట్టు' అంది.

పాట మొదలైన పూటే ప్రశ్న వచ్చింది. 'ఇది మోటర్‌హోమ్ వెనక లాగిన బండి కదా, మరి మీటర్ సంగతేంటి?' నోట్‌బుక్ పేజీలు, అరిగిన బోల్టుల ఫొటో, కేబుల్ నట్టు మీద పసుపు గుర్తు, అన్నీ పెట్టాను. చక్రాలు మొత్తం 59 వేల మైళ్ళకి పైగా తిరిగాయని నేనే కూడి రాశాను. అప్పటిదాకా ముందున్న ఒకతను 'నాకు వద్దు' అని బాహాటంగానే తప్పుకున్నాడు. నాకు టెన్షన్ పట్టుకుంది. అల్లుడు మాట్లాడ్డం మానేశాడు. రెండు రోజులు పాట కదల్లేదు. తర్వాత ఒకరు ఆ పేజీల్లో ఒక కూడిక సరిచూసి, ఫలానా నెల 12 మైళ్ళు తేడా ఉందన్నాడు. చూస్తే తర్వాతి పేజీలో ఆయనే దిద్ది సంతకం పెట్టాడు. అది చూపించాక పాట లేచింది.

చివరి రోజు ఆవిడ వంటింట్లో ల్యాప్‌టాప్ ముందు అందరం కూర్చున్నాం. ఆఖరి రెండు నిమిషాల్లో ఎవరైనా పాట పెంచితే గడియారం మళ్ళీ రెండు నిమిషాలకి వెళ్తుంది. కాబట్టి చివరి సెకనులో తన్నుకుపోయే అవకాశం లేదు. ఒరెగాన్‌లో ఒకరు, టెక్సాస్‌లో ఒకరు పంతానికి పోయారు. గడియారం సున్నా దాకా రావడం, మళ్ళీ రెండు నిమిషాలకి ఎగరడం. ఆఫీసు ఆవరణలో గుమాస్తా 'మూడోసారి' అనడానికి ఎంత తొందరపడ్డాడో నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఇప్పుడు మన దగ్గర కూడా సర్కారు పాత సామాను ఎమ్ఎస్‌టీసీ అనే ప్రభుత్వ సంస్థ నడిపే ఈ-వేలంలోకి వెళ్తోంది. 2023 ఏప్రిల్ నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ బండ్లకి రిజిస్ట్రేషనే ఉండదు, దాదాపు అన్నీ తుక్కుకే. చింతచెట్టు కింద బేరాలు పోయినందుకు నాకేం బెంగ లేదు.

18,250 డాలర్ల దగ్గర ఆగింది. ఒరెగాన్ మనిషికే. కొన్ననాటి ధరకి రెండింతల పైనే. దానిమీద 5 శాతం వేలం రుసుము కొన్నవాడిదే, ఆవిడకి పోయింది మొదట్లో కట్టిన 99 డాలర్లే. కొన్నవాడు ఫోన్ చేసి బండి గురించి రెండు ముక్కలు మాట్లాడి, అసలు విషయానికి వచ్చాడు. ఆ నోట్‌బుక్ కూడా కావాలి, జిరాక్సు కాదు, అసలుది.

ఆవిడ 'ఇచ్చెయ్, ఎవరు చదువుతారు' అంది. ఇవ్వబుద్ధి కానిది నాకే. ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి కథంతా చెప్పాను. ఆయన లాగిన మైళ్ళ గడి దగ్గరే ఆగిపోయారు.

'లాగినవి కూడా రాశాడా? ఎవరూ అడక్కుండానే?'

'రాశాడు నాన్నా. తప్పు దిద్దితే సంతకం కూడా పెట్టాడు.'

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత 'మీటర్ కేబుల్ ముట్టుకోలేదన్నమాట' అన్నారు.

'నోట్‌బుక్ ఇవ్వమంటున్నాడు. కుటుంబం దగ్గర ఉంటే బాగుంటుందేమో అని...'

'అదెట్లా కుదురుతుందిరా? బండి చేతులు మారితే లాగ్ బుక్కు బండితో పాటే పోవాలి. అది రూలు' అన్నారు, ముప్ఫై ఏళ్ళ సర్వీసు గొంతులో. ఏ ఏ రూళ్ళు ఆయన పాటించారో ఆయనకీ నాకూ తెలుసు. అయినా ఎదురు చెప్పలేదు. పేజీలన్నీ స్కాన్ చేసి కూతురికి పంపి, అసలుది గ్లవ్ బాక్సులో పెట్టాను.

మిగిలినవి కాగితం పనులు. డబ్బు బ్యాంకులో పడ్డాక టైటిల్ మీద ఆవిడ నోటరీ ముందు సంతకం చేసింది. అరిజోనాలో నంబరు ప్లేటు మనిషిది, బండిది కాదు, కాబట్టి విప్పి ఆవిడ చేతికిచ్చాను. అమ్మినట్టు పది రోజుల్లోపు తెలపాలి, అదీ ఆన్‌లైన్‌లోనే అయిపోయింది. లారీ వచ్చిన రోజు డ్రైవరు బండిని పైకెక్కించడానికి ఫోర్ వీల్ 'లో' గేరులో వేయబోయి రాడ్ దగ్గర తడుముకుంటుంటే, నేనే ఎక్కి తోలాను.

లారీ ఇంకా వీధి మలుపు తిరగలేదు, ఆవిడ ఇంట్లోకెళ్ళి తన క్యామ్రీ తాళాలు తెచ్చింది. ఎండకి బానెట్ మీద రంగు పెచ్చులూడి, లోపల డాష్‌బోర్డు రెండు ముక్కలైన కారు. దాన్ని తోలుకొచ్చి గ్యారేజీ మధ్యలో ఆపి, దిగి, తలుపు వేసింది.

'మేం ఈ ఇంట్లోకొచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. నా కారుకి నీడ దొరకడం ఇదే మొదలు' అంది.